గర్భిణి ఇంట్లో బీపీ మిషన్: మిషన్ మంచిదే, పేచీ అంతా పట్టీతోనే

ఇంట్లో వాడుకునే డిజిటల్ బీపీ మిషన్ ఎలా పనిచేస్తుందో అందరికీ తెలుసు, ఆ వివరాల్లోకి వెళ్లను. గర్భిణులకీ బాలింతలకీ చాలాకాలంగా వాడుతూ వచ్చాక గట్టిగా చెప్పాలనిపించేది ఒక్కటే. పెట్టెలో వచ్చే పట్టీ అందరి చేతికీ సరిపోదు. ఆ సంగతి కొనేవాళ్లకు షాపులో ఎవరూ చెప్పరు. చేతిలో ఇమిడే ఇంత చిన్న వస్తువు ప్రాణాలు కాపాడగలదని నమ్మేవాళ్లలో నేనూ ఉన్నాను, అందుకే ఈ కోపం.

పట్టీ లోపలివైపు తిప్పి చూడండి. 22–32 సెం.మీ. అని సన్నగా అచ్చువేసి ఉంటుంది. భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్యలో చేతి చుట్టుకొలత అన్నమాట. గర్భిణికి అక్కడ 23 సెం.మీ. కూడా లేకపోతే తిండి చాలడం లేదని లెక్క. అలాంటి అమ్మాయిలు మన ఊళ్లలో తక్కువేం కాదు, వాళ్లలో 22 లోపు ఉన్నవాళ్లూ ఉంటారు. అంటే ఎవరిని ఎక్కువ కనిపెట్టి ఉండాలో వాళ్లకే ఈ పట్టీ పెద్దదవుతుంది. సన్న చేతికి పెద్ద పట్టీ చుడితే బీపీ ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. లావు చేతికి ఇదే పట్టీ బిగువుగా చుడితే ఎక్కువ చూపిస్తుంది. లోపలి గాలిసంచి వెడల్పు చేతి చుట్టుకొలతలో 40 శాతం, పొడవు 80 శాతం ఉండాలి. సంచి చిన్నదైతే దాని ఒత్తిడి రక్తనాళం దాకా సరిగా అందదు, మిషన్ ఇంకా గట్టిగా నొక్కాల్సి వస్తుంది, ఆ అదనపు ఒత్తిడంతా బీపీ లెక్కలో కలుస్తుంది. ఎక్కువ చూపిస్తే భయపడి ఆస్పత్రికి వెళ్తారు, వాళ్లు చూసి ఏమీ లేదని పంపేస్తారు. తక్కువ చూపిస్తేనే ప్రమాదం, ఎందుకంటే ఇంట్లో అందరూ నిశ్చింతగా పడుకుంటారు.

కాబట్టి కొనేముందు కుట్టుమిషన్ టేపుతో చేయి కొలవండి. 22 లోపు ఉంటే 17–22 చిన్న పట్టీ విడిగా తెప్పించుకోవాలి. 32 దాటితే 22–42 పట్టీ. అదే కంపెనీది, అదే మోడల్‌కి నప్పేదే తీసుకోండి. వేరే కంపెనీ పట్టీ గొట్టం మిషన్‌లో చక్కగా దూరుతుంది గానీ లెక్క తప్పుతుంది. ఏడెనిమిది నెలలు నిండేసరికి చేతులకు కూడా నీరు పట్టవచ్చు, అప్పుడు మరోసారి కొలవండి.

పట్టీతో ఇంకో తంటా వెల్‌క్రో. రోజూ వాడితే నూలుపోగులు, వెంట్రుకలు పట్టి పట్టు తగ్గుతుంది. గాలి నిండుతుండగా పర్రుమని ఊడుతుంది, లేదా కొంచెం కొంచెం జారుతుంది. ఊడిపోయినా నయమే, తప్పు జరిగిందని తెలుస్తుంది. జారినప్పుడు మిషన్ ఆగి మళ్లీ ఇంకా పైకి గాలి ఎక్కించుకుంటుంది, నీరు పట్టిన చేయి నొప్పి పెడుతుంది, ఆమె కదులుతుంది, వచ్చిన అంకెకు అర్థం ఉండదు. పాత టూత్‌బ్రష్‌తో వెల్‌క్రో శుభ్రం చేస్తే కొన్నాళ్లు నెట్టుకురావచ్చు, తర్వాత మార్చాల్సిందే. మిషన్ ధర చూసి చవక అనుకున్నవాళ్లు పట్టీ ఖర్చూ కలుపుకోవాలి.

చూసే పద్ధతిలో అందరూ చేసేది ఒక తప్పుంది. డాక్టరు ఎడమవైపు తిరిగి పడుకోమన్నారు కదా అని ఆ భంగిమలోనే పైనున్న కుడి చేతికి పట్టీ చుడతారు. ఆ చేయి గుండె కన్నా ఎత్తులో ఉంటుంది. ప్రతి 10 సెం.మీ. ఎత్తుకు బీపీ 7, 8 పాయింట్లు తక్కువ చూపిస్తుంది. 146 ఉన్నది 138 అని, అంటే 140 దాటనట్టు కనిపిస్తే, అసలు చూడకపోవడం కన్నా అదే నష్టం. వెల్లకిలా పడుకున్నా పొట్ట బరువు పెద్ద రక్తనాళం మీద పడి బీపీ తగ్గుతుంది. కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకు ఆన్చి, కాలు మీద కాలు వేసుకోకుండా అయిదు నిమిషాలు కూర్చోవాలి. ముందు మూత్రానికి వెళ్లి రావాలి. కాఫీ, టీ తాగితే అరగంట ఆగాలి. చేతిని బల్ల మీద, పట్టీ గుండెకు సమానంగా ఉండేలా పెట్టాలి. పట్టీ అంచు మోచేతి మడతకు రెండు వేళ్లు పైన ఉండాలి, మధ్యలో మాట్లాడకూడదు. నిమిషం ఆగి రెండోసారి చూసి రెండూ రాసుకోవాలి.

కొన్న వెంటనే చెకప్‌కి పట్టుకెళ్లి ఆస్పత్రి మిషన్‌తో పోల్చుకోవాలి. ఒకే చేతికి, ఒకదాని తర్వాత ఒకటి మార్చి మార్చి చూడమని సిస్టర్‌ని అడగండి. తేడా అయిదులోపు ఉంటే సరే. పది దాటితే ఆ మిషన్‌ని నమ్మొద్దు. మణికట్టుకు కట్టేవి ఈ పనికి వద్దే వద్దు. మరో సంగతి, గర్భంలో వచ్చే బీపీ జబ్బు ముదిరినప్పుడు, అంటే ప్రీఎక్లాంప్సియాలో, ఇలాంటి మిషన్లు చాలావరకు ఉన్నదానికన్నా తక్కువే చూపిస్తాయి. రక్తనాళాల గోడలు బిరుసెక్కడం, ఒంట్లో నీరు చేరడం దానికి కారణం. అందుకే విడవని తలనొప్పి, కళ్లు మసకలు కమ్మడం లేదా మెరుపులు కనిపించడం, పక్కటెముకల కింద కుడివైపు నొప్పి, ఉన్నట్టుండి మొహం, చేతులు ఉబ్బడం, వీటిలో ఏది ఉన్నా మిషన్ 128/84 చూపించిందని ఇంట్లో ఆగకూడదు.

నేను అనుకోని మేలు కాన్పు తర్వాత జరిగింది. తొమ్మిది నెలలూ శ్రద్ధగా చూసినవాళ్లు బిడ్డ పుట్టగానే మిషన్‌ని అటక మీద పెట్టేస్తారు. కానీ బీపీ ఎక్కువగా పెరిగేది కాన్పయ్యాక మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్య. నార్మల్ డెలివరీ అయితే అప్పటికి ఇంటికి వచ్చేసి ఉంటారు. ఇంటినిండా చూడవచ్చినవాళ్లు, రాత్రి నిద్ర ఉండదు, చెవుల్లో దూది, తలకు గుడ్డ. తల నొప్పిగా ఉందంటే గాలి తగిలిందనో, నిద్ర చాలకనో అంటారు. ఆపరేషన్ అయినవాళ్లయితే నడుముకిచ్చిన మత్తు ఇంజెక్షన్ వల్లే అంటారు. ఆ మాట కొన్నిసార్లు నిజమే. ఆ తలనొప్పి లేచి కూర్చుంటే పెరుగుతుంది, పడుకుంటే తగ్గుతుంది. పడుకున్నా తగ్గని తలనొప్పికి పట్టీ చుట్టి చూడాల్సిందే. గర్భంలో బీపీ ఏ రోజూ పెరగనివాళ్లకు కూడా ఈ రోజుల్లో పెరగవచ్చు, అక్కణ్నుంచి గుర్రపువాతానికి, అంటే ఫిట్స్‌కి, దారితీయవచ్చు. ఈ వారం రోజులు పొద్దునా సాయంత్రం చూసుకుంటే చాలు మిషన్ డబ్బులు వచ్చేసినట్టే. తర్వాత ఆరు వారాల దాకా దగ్గర పెట్టుకోవడం మంచిది.

ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం, నీళ్లు పోయడం చేయకండి. ఎడమవైపు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. తెలంగాణలో 102 బండి చెకప్‌లకూ, కాన్పయ్యాక ఇంటికి దింపడానికీ. ఇలాంటప్పుడు 108నే పిలవాలి. ఫిట్స్‌కి ఇచ్చే మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్ మొదటి డోసు దగ్గరి పీహెచ్‌సీలోనే వేయించుకుని పెద్దాస్పత్రికి వెళ్లడం మేలు.

మిషన్‌లో రీడింగులు దాచుకునే సౌకర్యం మొదట్లో నాకు బాగా నచ్చింది. ఇప్పుడు అంత నచ్చడం లేదు. ఇంట్లో మిషన్ ఉందంటే మామగారూ చూసుకుంటారు, పక్కింటివాళ్లూ చూసుకుంటారు, అందరివీ కలిసిపోతాయి. బ్యాటరీలు మార్చినప్పుడు చాలా మోడళ్లలో తేదీ కూడా పోతుంది. తల్లీబిడ్డల సంరక్షణ కార్డుకు ఒక కాగితం పిన్ను కొట్టి తేదీ, టైము, ఏ చేయి, రెండు రీడింగులు రాసుకుంటే డాక్టరుకు పనికొచ్చేది అదే. అదే కాగితం పైన ముందే రాసిపెట్టండి: 140/90 లేదా దాటి వస్తే అరగంటాగి మళ్లీ చూడాలి, అలాగే ఉంటే ఆ రోజే డాక్టరు దగ్గరికి, 160/110 వస్తే వెంటనే బండి. పైదీ కిందదీ రెండూ పెరగక్కర్లేదు, ఒకటి చాలు. ఏ ఆస్పత్రిలో రాత్రి కూడా ఆపరేషన్ చేస్తారు, అక్కడ రక్తం దొరుకుతుందా, రక్తం ఇచ్చే ఇద్దరెవరు, తోడు ఎవరొస్తారు అన్నది కూడా ఆ కాగితం మీదే ఉండాలి. ముందు బీపీ వచ్చి ఉంటే డెలివరీ గదిలో తప్పక చెప్పండి. రక్తస్రావం ఆపడానికి వాడే మెథర్జిన్ బీపీ ఉన్నవాళ్లకు ఇవ్వకూడదు. ఇంట్లో పెద్దవాళ్ల బీపీ మాత్ర మాత్రం వేసుకోవద్దు. టెల్మిసార్టాన్, ఎనలాప్రిల్ వంటివి కడుపులో బిడ్డకు హాని చేస్తాయి.

అందరూ కొనాలా అంటే, ఏమో. తొలి కాన్పు, కవలలు, షుగరు, ముందు కాన్పులో బీపీ, తల్లికో అక్కచెల్లెళ్లకో ఇదే జబ్బు, ఆస్పత్రి దూరం, వీటిలో ఏదైనా ఉంటే కొనమనే అంటాను. నడిచి వెళ్లేంత దూరంలో పీహెచ్‌సీ ఉండి, ఏఎన్ఎం క్రమం తప్పకుండా చూస్తుంటే అంత అవసరం లేదు. అంకె చూసి గుండె దడ పెంచుకుని గంటగంటకీ పట్టీ చుట్టుకునే స్వభావమైతే, ఎన్నిసార్లు చూడాలో డాక్టరుతో చెప్పించుకున్నాకే కొనండి. ఇంట్లో ఇప్పటికే పెద్దవాళ్ల మిషన్ ఉంటే కొత్తది అక్కర్లేదు. చేతికి సరిపడే పట్టీ ఒక్కటి తెప్పించి, నెలనెలా 9వ తారీకున ప్రభుత్వాస్పత్రిలో జరిగే గర్భిణుల చెకప్‌కి పట్టుకెళ్లి సరిచూసుకోండి.