బీఈడీతో పాటు క్రియేటివ్ రైటింగ్ డిప్లొమా: చదివి, బడిలో వాడి చూశాక

బీఈడీలో చేరిన ఏడాదే ఇంగ్లీషు క్రియేటివ్ రైటింగ్ డిప్లొమాకు కూడా ఫీజు కట్టాను. మొదటిది రోజూ వెళ్లాల్సిన కాలేజీ, రెండోది దూరవిద్య. ఒకేసారి రెండు కోర్సులు చదువుకోవచ్చని 2022లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) ప్రకటించడంతో వచ్చిన ధైర్యం అది. (బీఈడీకి వేరే మండలి నిబంధనలు కూడా ఉంటాయి కాబట్టి కాలేజీలో అడిగాకే చేరండి.) "టీచరు ఉద్యోగానికి కథలెందుకే?" అంది మా అమ్మ. ఆ ప్రశ్నకు ఇప్పుడు కొంత జవాబు చెప్పగలను.

రెండూ పూర్తయ్యాయి. ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఒక ప్రైవేటు ఉన్నత పాఠశాలలో ఎనిమిది నుంచి పది వరకు ఇంగ్లీషు చెబుతున్నాను. ఇది రెండో విద్యా సంవత్సరం. కాలేజీ పేరు, విశ్వవిద్యాలయం పేరు రాయడం లేదు. నేను తూచి చూస్తున్నది ఆ సంస్థలను కాదు, ఈ రెండు చదువుల జతను.

ముందు సమయం సంగతి. బీఈడీ రెండేళ్లలో 20 వారాలు బడిలో ఇంటర్న్‌షిప్ చేయాలి, అందులో 16 వారాలు రెండో ఏడాదిలోనే. తరగతులకు 80 శాతం, ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు తప్పనిసరి. వీటికి తోడు రికార్డులు. రాత్రి పన్నెండింటికి చార్టుల మీద స్కెచ్ పెన్నులతో గీతలు గీస్తూ, పక్కన సగం రాసిన కథను చూసి ఏడుపు వచ్చిన రోజులున్నాయి. డిప్లొమా అసైన్‌మెంట్లను మొదటి ఏడాదిలోనే పంపేయాల్సింది. నేను వాయిదా వేసి, సరిగ్గా ఆ పదహారు వారాల్లో ఇరుక్కున్నాను. కవిత్వం అసైన్‌మెంటు స్టాఫ్ రూములో, మధ్యాహ్న భోజన విరామంలో రాశాను. అది అలాగే ఉంది కూడా.

అంతకంటే పెద్ద ఇబ్బంది, రెండు చదువులూ ఒకదానితో ఒకటి పొసగకపోవడం. పీరియడ్ ప్లానులో నలభై అయిదు నిమిషాల తర్వాత పిల్లలకు ఏమి వస్తుందో ముందే రాసి సంతకం చేయించుకోవాలి. మైక్రో టీచింగ్‌లో అయితే అయిదారు నిమిషాల పాఠం, ఒకే నైపుణ్యం, ఎదురుగా పిల్లల్లా నటించే తోటి ఛాత్రోపాధ్యాయులు. ఆ అలవాటుతోనే ఆదివారం డిప్లొమా తరగతికి వెళ్తే, "కథ ఎటు పోతుందో నీకు ముందే తెలిస్తే చదివేవాళ్లకూ తెలిసిపోతుంది" అనేవారు మా కౌన్సెలర్, అంటే దూరవిద్యలో మాకు పాఠం చెప్పే మాస్టారు. సోమవారం మళ్లీ పీరియడ్ ప్లానులో లక్ష్యాలు, స్పష్టీకరణలు. రెండేళ్లూ ఈ ఊగిసలాటే.

నా మొదటి కథ మాత్రం గుర్తుంచుకోదగినంత చెత్తగా వచ్చింది. డ్రాయింగ్ రూము, కిటికీ అవతల వాన, కాఫీ తాగుతూ మౌనంగా ఉండే ఒక స్త్రీ. "ఈమెది ఏ ఊరు?" అని అంచులో రాసి వెనక్కి పంపారు. నిజమే, ఆమెకు ఊరు లేదు. పాఠ్యపుస్తకాల ఇంగ్లీషులో పుట్టిన మనిషి ఆమె. రెండో కథలో మా ఇంటి వాకిలి పెట్టాను. అక్కడ మేనత్త, చిన్నమ్మ, మామయ్య భార్య ముగ్గురూ వడియాలు పెడుతుంటారు. ఇంగ్లీషులోకి వచ్చేసరికి ముగ్గురూ 'ఆంటీ'లే! ఎవరు ఎవరితో ఎందుకు మాట్లాడటం లేదో ఎవరికీ అర్థం కాలేదు. చివరికి మేనత్తను మేనత్తగానే ఉంచాను, వివరణ లేకుండా. ఇంగ్లీషు నాది కూడా అని మొదటిసారి అనిపించింది అప్పుడే. తెలుగు మీడియంలో చదివి ఇంగ్లీషు పాఠం చెప్పబోయే మనిషికి ఇది చిన్న సంగతి కాదు.

డిప్లొమాలో నాకు ఎక్కువ ఉపయోగపడింది ఒక నియమం. మన రచనను అందరూ చదివి మాట్లాడుతుంటే, రాసినవాళ్లు నోరు విప్పకూడదు. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో 1936లో మొదలైన రైటర్స్ వర్క్‌షాప్ ద్వారా పేరొచ్చిన పద్ధతి అది. దూరవిద్యలో ఎదురెదురుగా కూర్చునే కాంటాక్ట్ క్లాసులే తక్కువ కాబట్టి అలా కూర్చున్నది మూడుసార్లే. మూడుసార్లూ నరకం. కానీ చదివినవాళ్లు ముందుగా చెప్పాల్సింది తప్పొప్పులు కాదు, తమకు కనిపించినదేమిటో. బడికి నేను తెచ్చుకున్నది ఈ వరుసనే.

పోయిన ఏడాది తొమ్మిదో తరగతికి సెలవు చీటీ రాయమన్నాను. నలభై రెండు మంది రాశారు. నలభై రెండు మందికీ నిన్న రాత్రి నుంచి జ్వరమే. గైడులో ఉన్నది జ్వరమే మరి! చీటీలు తిరిగి ఇచ్చేసి, నిజంగా మీరు బడి మానేసిన ఒక రోజు గురించి రాయండి, కారణం ఏదైనా నేను తిట్టను అన్నాను. ఒకబ్బాయి గేదె తప్పిపోయిందని రాశాడు. నాన్న ఒకవైపు, తను ఒకవైపు వెతికారట. చెరువు కట్ట మీద చీకటి పడిందట. వాక్యానికో తప్పు ఉంది. బీఈడీలో నేర్చుకున్న చేతికి ఎర్ర పెన్ను దురద పుట్టింది. పెన్ను పక్కన పెట్టి, నాకు ఎక్కడ భయమేసిందో ముందు చెప్పాను. తర్వాత భూతకాలపు క్రియలు మాత్రం దిద్దుకోమన్నాను, మిగతా తప్పుల జోలికి పోలేదు. మూడుసార్లు తిరగరాశాడు. అంతకుముందు ఒక్క వ్యాకరణ అభ్యాసాన్ని కూడా రెండోసారి ముట్టుకోని పిల్లవాడు.

అన్నీ ఇలా జరుగుతాయని అనుకోకండి. పదో తరగతి ప్రశ్నపత్రంలో ఉత్తరం, డైరీ, సంభాషణ లాంటి సృజనాత్మక రచనలు ఉన్నా, మార్కులు పోకుండా ఉండాలంటే నమూనా నేర్చుకుంటే చాలు. ఈ సంగతి పిల్లలకు నాకంటే బాగా తెలుసు. జనవరి వచ్చేసరికి నేనూ నమూనాలే రాయించాను. పైగా నలభై నోటు పుస్తకాలను ఇలా శ్రద్ధగా చదవాలంటే వారానికి ఒక సాయంత్రం పూర్తిగా పోతుంది. ఆరు సెక్షన్లు ఉన్న నెలల్లో మానేశాను. పక్క సెక్షన్ టీచరు దిద్దిన నోట్లు ఎర్రగా కళకళలాడుతుంటే, నావి బోసిగా ఉన్నాయని ఒక తండ్రి ఫిర్యాదు చేశారు. ఆయనను ఒప్పించలేకపోయాను.

ఇక ఉద్యోగానికి ఈ డిప్లొమా ఏమైనా కలిసొస్తుందా అంటే, ఒక్క మార్కు కూడా రాదు. ప్రభుత్వ టీచర్ల నియామకానికి పెట్టే డీఎస్సీలో రాత పరీక్షకు 80, టీచరు అర్హత పరీక్ష (టెట్) వెయిటేజీకి 20, అంతే. నేను రాసిన తెలంగాణ టెట్ రెండో పేపరు 150 మార్కుల్లో ఇంగ్లీషుకు 30 అయితే, సాంఘిక శాస్త్రానికి 60. కథ ముగింపు గురించి ఆలోచించాల్సిన రాత్రుల్లో కాకతీయుల చెరువులు, ఖండాల వాతావరణం బట్టీ పట్టాను. టెట్ అర్హత ఇప్పుడు జీవితకాలం చెల్లుతుంది కాబట్టి ఆ బాధ ఒక్కసారితో తీరింది. ప్రైవేటు బడి ఇంటర్వ్యూలో అయితే డిప్లొమా కాగితం చూసి, స్కూలు వార్షికోత్సవ సంచిక పని నాకే అప్పజెప్పారు. జీతంలో తేడా లేదు.

రాయాలనే కోరిక లేకుండా, అర్హతల జాబితాలో ఇంకో గీత కోసం చేరేవాళ్లకు దీన్ని సిఫారసు చేయను. అసైన్‌మెంట్లు భారమవుతాయి, అంతే. రాసే అలవాటు ఉండి, ఇంగ్లీషు టీచరు కావాలనుకునేవాళ్లు మాత్రం చేరవచ్చు, కానీ నాలా రెండూ ఒకేసారి కాదు. ముందు బీఈడీ, టెట్ అయిపోనివ్వండి. తర్వాత ఒక ఏడాది పాఠం చెప్పి, చేతిలో నలభై రెండు జ్వరాలు పడ్డాక ఫీజు కట్టండి.