మాజీ సైనికుల ఆసుపత్రిలో పొగ: షెడ్డు మేలా, పూర్తి నిషేధం మేలా?

అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో పనిచేసే తెలుగువారు, అక్కడ కొత్తగా చేరబోయేవారు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. ఆవరణ మొత్తంలో సిగరెట్టునూ వేప్‌నూ (బ్యాటరీతో వేడెక్కే ఈ-సిగరెట్టును) నిషేధించడం మేలా, పూర్వంలా ఒక మూల షెడ్డు వేసి అక్కడ తాగనివ్వడం మేలా? ఊపిరితిత్తుల రోగులకు శ్వాస చికిత్స చేసే ఉద్యోగం నాది కాబట్టి, రెండు పద్ధతులనూ దగ్గరగా చూశాను.

షెడ్డు పక్షాన వినిపించే వాదన తీసిపారేయదగినది కాదు. సైనికుడి రేషన్ పొట్లంలో సిగరెట్లు పెట్టి ఇచ్చింది ప్రభుత్వమే, 1975 దాకా ఆ పద్ధతి సాగింది. అలవాటు చేసినవారే ముసలితనంలో దాన్ని లాక్కుంటున్నారని ఒక పెద్దాయన నిలదీస్తే జవాబు చెప్పడం కష్టం. 1992 నాటి చట్టం కూడా ఈ ఆసుపత్రుల్లో పొగతాగే చోటు ఉండాలనే చెప్పింది. నెలల తరబడి వృద్ధుల విభాగంలో ఉండేవారికి ఆసుపత్రే ఇల్లన్న మాటా నిజమే.

అయినా, చక్రాల కుర్చీ వెనక ఆక్సిజన్ సిలిండర్ వేలాడుతుండగా ముక్కులోని గొట్టం తీసి భుజాన వేసుకుని, వణికే వేళ్లతో లైటర్ వెలిగించబోయిన ఒకాయనను ఆ షెడ్డులోనే చూశాను. గొట్టం తీసినా ఆక్సిజన్ బట్టల్లో కొంతసేపు నిలిచే ఉంటుంది, అంటుకోవడానికి ఒక నిప్పురవ్వ చాలు.

నా దృష్టిలో అసలు విషయం అంతకన్నా ముఖ్యమైనది. పొగాకులోని నికోటిన్ అందడం ఆగిన కొన్ని గంటలకే చిరాకు, ఆందోళన మొదలై, మొదటి రెండు మూడు రోజుల్లో తారస్థాయికి చేరతాయి. చాలామంది రోగులు ఆసుపత్రిలో గడిపేవి సరిగ్గా ఆ రోజులే. షెడ్డు ఉంటే ఆ బాధకు సిగరెట్టే మందవుతుంది, మానవలసిన గాయానికి రక్తం సరిగా అందదు. షెడ్డు లేనప్పుడు, చేరిన పూటే చర్మం మీద నికోటిన్ ప్యాచ్ అంటించి, తోడుగా నమిలే నికోటిన్ గమ్ ఇవ్వవలసిన బాధ్యత వార్డు మీద పడుతుంది. అందుకే నేను పూర్తి నిషేధం వైపే మొగ్గుతాను. కానీ ప్యాచ్ వేళకు అందని వార్డులో అదే నిషేధం శిక్షగా మారుతుంది, నడవగలిగినవారు గేటు బయట రోడ్డు పక్కన నిలబడి తాగుతారు, నడవలేనివారు మంచంలోనే అల్లాడతారు.

సిగరెట్టును ఆపి వేప్‌ను అనుమతించాలనే మూడో మార్గం గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. అందులోనూ నికోటినే ఉంటుంది, వేడెక్కే పరికరమూ ఉంటుంది. ఈ ఆసుపత్రుల ఆవరణలో పొగను నిషేధిస్తూ 2019 అక్టోబరులో అమలైన నిబంధన, 2021 జనవరిలో వచ్చిన చట్టం రెండూ దాన్ని పొగతో సమానంగానే చూశాయి.

షెడ్డు తీసేశాక, అక్కడ లైటర్ వెలిగించబోయిన ఆ పెద్దాయన మళ్లీ మా వార్డులో చేరారు. మొదటి రాత్రి నర్సు తన భుజం మీద కాదు, ఆయన భుజం మీద ప్యాచ్ అంటిస్తుంటే విసుక్కున్నారు. మూడో రోజు పొద్దున ముక్కులో గొట్టంతోనే కిటికీ పక్కన కూర్చుని, కాఫీ తెచ్చిపెట్టమని నన్ను అడిగారు.