ఫ్రోజెన్ గులాబీ రేకులు కొనేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి

ఇప్పుడే పన్నీరు తీసే బట్టీ (గులాబీ రేకుల్ని నీళ్లతో ఉడికించి, ఆ ఆవిరిని చల్లార్చి చుక్కలుగా పట్టేది) ఆర్పేసి వచ్చి కూర్చున్నాను. చేతులు మూడుసార్లు కడిగినా ఆ పులిసిన కంపు పోలేదు, కాబట్టి మాట కాస్త కటువుగా వస్తే ఏమీ అనుకోకండి. ఆ అమ్మేవాడి పేరు రాయను. డమాస్క్ గులాబీ రేకుల కోసం ఎప్పుడైనా వెతికి ఉంటే ఆ ఫొటోలూ, మంచు బిందువులతో మెరిసిపోయే ఆ వీడియో మీకూ కనబడే ఉంటాయి. ఆ, ఆయనే. "తెల్లవారుజామున కోత, గంటలోపు ఫ్రీజర్" ఆయనే.

20 కిలోలు తీసుకున్నాను. డబ్బు మొత్తం ముందే పంపేశాను. తిట్టేవాళ్లు తిట్టండి, ఇంట్లో ఇప్పటికే ఒక విడత అయింది.

ఫ్రోజెన్ ఎందుకు కొన్నావని అడుగుతారు కదా. ఈ గులాబీ పూసేదే ఏడాదికి కొన్ని వారాలు. కోసిన రేకులు అదే రోజు బట్టీలో పడాలి, గోనెసంచిలో కుక్కి ఉంచితే లోపల వాటంతట అవే వేడెక్కిపోతాయి, చెయ్యి పెడితే తెలుస్తుంది. నా బట్టీ 15 లీటర్లది, నీళ్లు పోయగా రెండు కిలోల రేకులకు మించి పట్టవు. గులాబీ నూనె మీద ఆశ కూడా లేదు నాకు. కిలో నూనె రావాలంటే మూడు నాలుగు వేల కిలోల పువ్వు కావాలి, అంత పిచ్చి లేదు. నాకు కావలసింది మంచి పన్నీరు. సీజన్‌లో కోసి వెంటనే గడ్డకట్టించిన రేకులైతే తీరిగ్గా, వారానికి ఒక విడత పెట్టుకోవచ్చనుకున్నాను. పద్ధతిగా చేస్తే నిజంగానే బాగుంటుంది, అందులో తప్పు లేదు.

పైగా నేను తెలివైనదాన్ని కదా! దారిలో కరిగిపోతే ఎలా తెలుస్తుందని ఆయన చేత ఒక పని చేయించాను. చిన్న ప్లాస్టిక్ సీసాలో సగం నీళ్లు పోసి గడ్డకట్టించి, మీద ఒక నాణెం పెట్టి, పైన ఒక చెంచా నీళ్లు పోసి మళ్లీ గడ్డకట్టించి పెట్టెలో పెట్టమన్నాను. దారిలో కరిగితే నాణెం అడుక్కి పోతుంది, మళ్లీ గడ్డకట్టినా అక్కడే ఉండి సాక్ష్యం చెబుతుంది. "భలే ఐడియా అక్కా, అందరికీ ఇలాగే పంపుతా ఇకనుంచి" అన్నాడు. నేను మురిసిపోయాను కూడా.

పెట్టె వచ్చింది. సీసా చూశాను. నాణెం పైనే ఉంది. ఇంకేం, అన్నీ బాగున్నాయనుకుని ప్యాకెట్లన్నీ ఫ్రీజర్లో సర్దేశాను. ఆ సీసా దారికి మాత్రమే కాపలా, ఆయన ఇంట్లో ఏం జరిగిందో దానికేం తెలుసు, అన్న మాట ఆ క్షణాన బుర్రకు తట్టలేదు.

అసలు సిగ్గుపడే విషయం ఇంకోటి ఉంది. ప్యాకెట్ చేతిలోకి తీసుకోగానే ఇటుక పట్టుకున్నట్టుంది. పల్చగా పరిచి గడ్డకట్టించిన రేకులైతే ప్యాకెట్ ఊపితే ఎండుటాకుల్లా గలగలమంటాయి. ఇది నేను పదిమందికి చెప్పిన మాటే. అయినా "ఫ్రీజర్లోంచి వచ్చింది కదా, గడ్డగా ఉండదా ఏంటి" అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మనకు ఇష్టమైనప్పుడు మన కళ్లే మనల్ని మోసం చేస్తాయి.

మొదటి విడత పెట్టాను. మామూలుగా అయితే తొలి చుక్కలు పడేసరికి గదంతా గుప్పుమంటుంది, పక్కగదిలో ఉన్నవాళ్లకు కూడా తెలిసిపోతుంది. ఈసారి వచ్చింది ఉడికిపోయిన ఆకుకూర వాసన, దాని వెనకాల సన్నగా పులుపు. బట్టీలోంచి ఆవిరి వచ్చే గొట్టం సరిగ్గా కడగలేదేమో అనుకున్నాను. అంతా విప్పి, తోమి, రెండో విడత పెట్టాను. మళ్లీ అదే. నాలుగు కిలోలు పోయాయి అప్పటికి.

అప్పుడు గానీ బుద్ధి రాలేదు. మూడో ప్యాకెట్ కవరు పక్కల నుంచి కోసి, ఆ గడ్డను అలాగే పళ్లెంలో నిలబెట్టి చూశాను. పైన రేకులు, గోధుమరంగు అంచులతో, ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. అడుగున రెండు వేళ్ల మందాన గులాబీరంగు ఐసు. గాజుముక్కలా స్వచ్ఛంగా, చూడటానికి ఎంత బాగుందో! ఒక్క రేకు కూడా లేదు అందులో. అంటే ఈ రేకులు ఒకసారి పూర్తిగా కరిగి, రసమంతా కిందకి దిగి, అలాగే చాలాసేపు ఉండి, ఆ తర్వాత మళ్లీ ఫ్రీజర్లోకి వెళ్లాయి. ఆయన ఫ్రీజర్ ఆగిపోయిందో, కరెంటు పోయిందో, ఇంకెవరైనా వాపసు చేసిన సరుకో, నాకు తెలియదు. కరిగిందన్న సంగతి మాత్రం ఆయనకు తెలియకుండా ఉండదు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. గడ్డకట్టినప్పుడు రేకులోని నీరు సూదుల్లాంటి ఐసుగా మారి కణాల గోడల్ని చీలుస్తుంది. గడ్డగా ఉన్నంతసేపు ఏమీ కాదు, ఉన్నది ఉన్నచోటే ఉంటుంది. కరిగిందా, అంతా బయటికి వచ్చేస్తుంది, ఎంజైములు పని మొదలుపెడతాయి, రేకు నల్లబడుతుంది, రసంలో చక్కెర ఉంటుంది కాబట్టి పులియడమూ మొదలవుతుంది. పైగా పన్నీరుకు ఆ గులాబీ వాసన తెచ్చేవాటిలో ముఖ్యమైనది ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్, అది నీళ్లలో కరుగుతుంది, అంటే అదీ ఆ రసంలోకే దిగిపోతుంది. అందుకే ఫ్రోజెన్ రేకుల్ని కరగనివ్వకుండా, గడ్డగా ఉండగానే నేరుగా బట్టీలో వెయ్యాలి. కరిగించి మళ్లీ గడ్డకట్టించిన రేకులతో మీరు ఏ బట్టీ పెట్టినా ఒకటే, రాగిదైనా, స్టీలుదైనా.

ఆయనకు ఫొటోలు పంపాను. మర్యాదగానే అడిగాను, ఒట్టు. అరగంటకు ఫోన్ చేశాడు.

"ట్రాన్స్‌పోర్ట్ వాళ్లు ఎక్కడో ఎండలో పెట్టి ఉంటారు మేడమ్."

గమనించారా? డబ్బు పడేవరకు అక్కా, ఇప్పుడు మేడమ్.

నాణెం సంగతి గుర్తుచేశాను. సీసా ఫొటో పంపాను, పెట్టె తెరిచినప్పుడు తీసింది. అటువైపు కాసేపు చప్పుడు లేదు. ఆ తర్వాత నవ్వాడండీ. నిజంగా నవ్వాడు. "ఐసు అడుగునుంటే ఏంటి, పైనుంటే ఏంటమ్మా, పువ్వు పువ్వే కదా. ఇంట్లో కూర్చుని సరదాకి చేసేవాళ్లకు బట్టీ మంట పెట్టడం తెలియక మాడ్చుకుంటారు, తర్వాత మా మీద పడతారు. పెద్ద పార్టీలు టన్నుల్లో తీసుకుంటున్నారు, వాళ్లకు లేని వాసన మీకే వచ్చిందా?"

అక్కా నుంచి మేడమ్, మేడమ్ నుంచి అమ్మా. మూడు నిమిషాల్లో మూడు మెట్లు దింపాడు.

డబ్బు పోయినందుకు బాధ ఉంది, కాదనను. కానీ ఆ "సరదాకి చేసేవాళ్లు" అన్న మాట ఇంకా చెవిలో మోగుతోంది. ఆరేళ్లుగా మంట ముందు కూర్చుంటున్నాను నేను. నీళ్లతో పాటు ఉడికే రేకులు అడుగంటకుండా ఎంత సన్నమంట మీద పెట్టాలో ఈయన నాకు చెబుతాడట, కరిగిన సరుకును మళ్లీ గడ్డకట్టించి అమ్మేవాడు! ఏదైనా గట్టిగా అనేలోపే పెట్టేశాడు. ఆ తర్వాత మెసేజ్‌లు వెళ్లడం లేదు. బ్లాక్ అన్నమాట. నాకు అప్పటికప్పుడు ఒక్క మాట కూడా నోట్లోంచి రాలేదు, రాత్రి రెండింటికి మాత్రం అద్భుతమైన సమాధానాలు తట్టాయి.

అప్పుడే, నిద్ర పట్టక, ఆ వీడియో మళ్లీ చూశాను. తెల్లవారుజామున కోత అన్న వీడియో. పూలు కోస్తున్న ఆవిడ నీడ ఎక్కడుందో చూడండి. ఆవిడ కాళ్ల కిందే, ముద్దగా, అడుగు కూడా లేదు. తెల్లవారుజామున నీడ చెట్టంత పొడుగు ఉండాలి కదా! అది నడినెత్తిన ఎండ. ఎండెక్కే కొద్దీ పువ్వులోని నూనె తగ్గిపోతుందని ఈ పని చేసే ప్రతివాళ్లకూ తెలుసు, అందుకే కదా అందరూ చీకటితో లేచి కోసేది. మరి మిట్టమధ్యాహ్నం పూల మీద ఆ మంచు బిందువులు ఎక్కడివంటారా? స్ప్రే బాటిల్‌వి. ఆ వీడియో నేను కొనకముందు కనీసం పదిసార్లు చూశాను. బిందువులు చూశాను, నీడ చూడలేదు.

సరే, కొనక తప్పదనుకునేవాళ్లు ఒక కిలో మాత్రమే తెప్పించుకోండి ముందు. మీ కోసం పక్కనపెట్టిన ప్యాకెట్‌నే ఊపుతూ వీడియో తీసి పంపమనండి, గలగలమనకపోతే వద్దని చెప్పేయండి. వచ్చాక అడుగున ఐసు ఉందేమో చూడండి, అన్ని ప్యాకెట్లకీ ఫొటోలు తీయండి. నాలా సీసాకి ఒక్క ఫొటో తీసి సంబరపడిపోకండి. నాణెం పద్ధతి మంచిదే, కానీ అది పెట్టె కట్టినప్పటి నుంచి మాత్రమే చూస్తుంది.

ఇంకా 16 కిలోలు ఫ్రీజర్లో ఉన్నాయి, రేపు ఎరువు గుంటలో పోస్తాను. ఇది రాస్తుండగానే ఒకరు చెప్పారు, ఆయన ఇంకో కొత్త పేరుతో మళ్లీ అమ్మకం మొదలుపెట్టాడట. పేరు మారింది గానీ వీడియో అదే. నీడ చూసుకోండి.