లా పీహెచ్‌డీలో ఐదేళ్లు: చేరాలనుకునేవాళ్ల కోసం నా రివ్యూ

రేటింగ్ ముందే చెప్పేస్తాను, ఐదుకి మూడున్నర. గైడ్‌కీ రీసెర్చ్ కమిటీకీ ఐదుకి ఐదు ఇస్తాను, లైబ్రరీకి మూడు, కోర్స్ వర్క్‌కి, అంటే మొదట్లో ఆరు నెలలు జరిగే తరగతులకి, రెండు కంటే ఎక్కువ ఇవ్వలేను. యూనివర్సిటీ పేరు రాయడం లేదు, ప్రభుత్వ యూనివర్సిటీ అని మాత్రం తెలిస్తే చాలు. 2019 చివర్లో ఫుల్‌టైమ్‌గా చేరాను, 2024లో థీసిస్ ఇచ్చాను, ఆ తర్వాత వైవా అయింది. చేరకముందు రాజమండ్రిలో ఏడేళ్లు ప్రాక్టీస్ చేశాను.

"వకీలుగా ఉన్నదానివి, నీకు రీసెర్చ్ ఎంతసేపు" అని చాలామంది అన్నారు, నేనూ అలాగే అనుకున్నాను. తీరా చూస్తే ఆ ఏడేళ్ల అలవాటే అడ్డొచ్చింది. కేసులో మన క్లయింటు గెలవాలన్నది ముందే ఖాయం, దానికి పనికొచ్చే తీర్పులు వెతుకుతాం, పనికిరానివి అవతలి లాయరు చూసుకుంటాడని వదిలేస్తాం. పీహెచ్‌డీలో జవాబు తెలియకుండా మొదలుపెట్టాలి, మన వాదనని పడగొట్టే తీర్పు దొరికితే దాన్నే ముందు చదవాలి. లాలో డాక్టరేట్ శిక్షణ ఇచ్చేదే ఈ అలవాటు కోసం అని నేను గట్టిగా నమ్ముతున్నాను. నాకు అది వంటబట్టడానికి ఏడాదిన్నర పట్టింది.

నేర్పింది మా గైడ్ గారు. నా మొదటి సినాప్సిస్ (ఏం పరిశోధిస్తామో రాసిచ్చే ప్రణాళిక) పేరు 'ఆంధ్రప్రదేశ్‌లో గిరిజనుల భూమి హక్కులు: ఒక విమర్శనాత్మక అధ్యయనం'. మేడమ్ పేరు ఒక్కటే చదివి వెనక్కి ఇచ్చేశారు. "అమ్మా, ఇది టాపిక్, ప్రశ్న కాదు. ఈ చట్టం గురించి నీకు ఏది తెలియడం లేదో ఒక్క వాక్యంలో రాసుకురా" అన్నారు. ఆ ఒక్క వాక్యానికి నాలుగు నెలలు పట్టింది. చివరికి ఇలా తేలింది: వన్ ఆఫ్ సెవెంటీ కింద భూమి తిరిగి గిరిజనుడికి ఇవ్వమని ఆర్డర్ వచ్చాక అది నిజంగా అతని చేతికి వస్తోందా, రాకపోతే ఎక్కడ ఆగిపోతోంది?

తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. ఏజెన్సీ ప్రాంతాల్లో భూమి బదిలీల మీద 1959లో రెగ్యులేషన్ వచ్చింది, 1970లో ఒకటో నంబరు రెగ్యులేషన్‌తో దాన్ని ఇంకా గట్టిగా సవరించారు, అందుకే అందరూ వన్ ఆఫ్ సెవెంటీ అంటారు. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందే అని చట్టం ముందుగా అనుకుంటుంది, కాదని రుజువు చేసుకోవాల్సింది ఆ గిరిజనేతరుడే. 1988లో పి. రామిరెడ్డి కేసులో సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని సమర్థించింది. 1997లో సమత అనే స్వచ్ఛంద సంస్థ కేసులో అదే కోర్టు తీర్పు వచ్చింది, షెడ్యూల్డ్ ప్రాంతంలో (ఏజెన్సీలో) ప్రభుత్వం కూడా గిరిజనేతరులకు మైనింగ్ లీజులు ఇవ్వకూడదని. ఇదంతా డాక్ట్రినల్ భాగం, అంటే చట్టమూ తీర్పులూ చదివి రాసేది. ఇందులో మా కాలేజీ శిక్షణకి వంక పెట్టలేను. ఒక తీర్పులో ఏది నిర్ణయం, ఏది మాటవరసకి అన్నది అని వాక్యం వాక్యం విడదీయించారు.

ఇక కోర్స్ వర్క్. నా ప్రశ్నకి జవాబు లైబ్రరీలో లేదు, రంపచోడవరం చుట్టుపక్కల ఊళ్లలో ఉంది. మనుషులతో ఎలా మాట్లాడాలి, అనుమతి ఎలా తీసుకోవాలి, రెవెన్యూ రికార్డు ఎలా చదవాలి, ఇవేవీ ఎవరూ నేర్పలేదు. శాంప్లింగ్ అంటే ఏమిటి, హైపోథిసిస్ అంటే ఏమిటి అని నోట్స్ చెప్పారు, రాసుకున్నాం, పరీక్షలో అదే రాశాం. ఎల్ఎల్ఎం (లాలో పీజీ) చాలాచోట్ల ఏడాదికి కుదించేశారు కాబట్టి అక్కడ కూడా రీసెర్చ్ పెద్దగా చేయకుండానే పీహెచ్‌డీకి వచ్చేస్తున్నాం, అలాంటప్పుడు ఈ ఆరు నెలల కోర్స్ వర్క్ ఎంత ముఖ్యమో ఆలోచించండి.

దాని ఫలితం మొదటి ఊళ్లోనే కనిపించింది. పెన్నూ పేపరూ పట్టుకుని వెళ్లేసరికి నన్ను ఆఫీసు మనిషి అనుకున్నారు, ఒక్కరు కూడా నోరు విప్పలేదు. రెండోసారి అక్కడి స్కూలు మాస్టారిని తోడు తీసుకుని వెళ్లి, కాగితం బయటికి తీయకుండా రెండు రోజులు ఊరికే కూర్చున్నాను. అప్పుడు ఒక పెద్దావిడ లోపలికి వెళ్లి ప్లాస్టిక్ కవరులో చుట్టిన ఆర్డర్ కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆమె గెలిచి పద్నాలుగేళ్లయింది. పొలం మాత్రం అవతలివాళ్లే దున్నుతున్నారు. ఆ కాగితం మీద అన్ని సంతకాలూ ఉన్నాయి, భూమి కొలిచి అప్పగించినట్టు ఒక్క పంచనామా మాత్రం లేదు. నా నాలుగో చాప్టర్ అంతా ఆ లేని పంచనామా గురించే.

రీసెర్చ్ కమిటీ ఆరు నెలలకోసారి కూర్చునేది. ముందురోజు రాత్రి నిద్ర ఉండదు, అంత టెన్షన్. కానీ ఊళ్లో విన్న మాటని రికార్డుతో సరిపోల్చకుండా రాసిన పేరాలన్నీ వాళ్లే పట్టుకున్నారు, అందుకు ఈరోజుకీ కృతజ్ఞత ఉంది. లైబ్రరీలో పాత ఏఐఆర్ (ఆల్ ఇండియా రిపోర్టర్) తీర్పుల సంపుటాలు బ్రహ్మాండంగా ఉన్నాయి, డేటాబేస్ లాగిన్ మాత్రం రెండే కంప్యూటర్లలో, అవి కూడా ఐదింటికల్లా మూసేసేవారు. 2023లో ఈ-ఎస్సీఆర్ అనే వెబ్‌సైట్ వచ్చి సుప్రీంకోర్టు తీర్పులు ఉచితంగా దొరికాక నాకు ప్రాణం లేచొచ్చింది.

మా బ్యాచ్‌కి యూజీసీ 2016 నిబంధనలు, థీసిస్‌కి ముందు ఒక జర్నల్ పేపరు, రెండు సెమినార్ పేపర్లు తప్పనిసరి. డబ్బు కడితే సర్టిఫికెట్ ఇచ్చే సెమినార్లకి తోటివాళ్లు తిరగడం చూసి బాధేసేది, ఆ రోజుల్లో ఒక మంచి తీర్పు చదువుకోవచ్చు కదా. 2022 నవంబరులో యూజీసీ కొత్త నిబంధనలు తెచ్చి ఆ షరతు తీసేసింది, కోర్స్ వర్క్ కనీసం 12 క్రెడిట్లు చేసింది. క్రెడిట్లు పెంచినంత మాత్రాన సరిపోదు, అందులో ఫీల్డ్ వర్క్ ఉందో లేదో చేరేముందే అడగండి.

ఇంకో మాట, నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగకుండా గైడ్‌ని ముందే కలవండి. ప్రొఫెసర్ దగ్గర ఎనిమిది మంది, అసోసియేట్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ దగ్గర నలుగురు మించి ఉండకూడదు, ఖాళీ లేకపోతే మీ టాపిక్‌తో సంబంధం లేనివాళ్ల దగ్గర పడతారు. వాళ్ల పాత విద్యార్థుల థీసిస్‌లు శోధ్‌గంగ అనే వెబ్‌సైట్‌లో దొరుకుతాయి, రెండైనా చదివి చూడండి. ప్రమోషన్ కోసమో పేరు ముందు డాక్టర్ కోసమో అయితే మాత్రం దయచేసి వద్దు, ఇష్టంలేని ప్రశ్నతో ఐదేళ్లు గడపడం చాలా కష్టం.

నా థీసిస్ ఇంగ్లీషులోనే ఉంది. ఆ పెద్దావిడ ఊరికోసం పన్నెండు పేజీల తెలుగు రాత సిద్ధం చేస్తున్నాను, ఆర్డర్ వచ్చాక ఏ ఆఫీసులో ఏం అడగాలో అందులో ఉంటుంది. పంట పనులు అయ్యాక తీసుకెళ్తాను.