51 భిన్నాల ముక్కలతో రెండేళ్ళు

మా పాప నాలుగో తరగతిలో ఉండగా బెంగళూరు అవెన్యూ రోడ్డులో ఈ ప్లాస్టిక్ భిన్నాల సెట్టు కొన్నాను. ఇప్పుడు తను ఆరో తరగతి. డబ్బాలో ఒక పూర్తి పట్టీ ఉంటుంది. దానికి సరిగ్గా సరిపోయేలా రెండు సగాలు, మూడు మూడోవంతులు, నాలుగు పావులు, ఆ తర్వాత అయిదు, ఆరు, ఎనిమిది, పది, పన్నెండో వంతులు. మొత్తం 51 ముక్కలు, తొమ్మిది రంగులు.

కొనడానికి కారణం ఒకే ఒక్క లెక్క. 1/2 + 1/3 కి పాప 2/5 అని రాసింది. పైవి పైవాటితో, కిందివి కిందివాటితో కలిపేసింది. తప్పని ఎన్నిసార్లు చెప్పినా మర్నాడు మళ్ళీ అదే. సెట్టు తెచ్చిన సాయంత్రం సగం ముక్క పెట్టి, దాని కింద రెండు అయిదోవంతులు పేర్చమన్నాను. పేర్చి చూసి, "అమ్మా, సగానికి ఇంకొంచెం కలిపితే సగం కంటే తగ్గిందేంటి?" అని తనే అడిగింది. నా డబ్బు ఆ ప్రశ్నతోనే వసూలైంది. తర్వాత సగం మీదా, మూడోవంతు మీదా మిగలకుండా సరిపోయే ముక్క ఏదో వెతికి, ఆరోవంతు పట్టుకుంది. మూడూ రెండూ అయిదు, అంటే 5/6. క.సా.గు. కట్టడం తనకు అప్పటికే వచ్చు, అది ఎందుకో మాత్రం ఆ రోజే తెలిసింది.

పక్కన కూర్చుని చూస్తున్న మా అత్తయ్య, "మేం అణాల్లో చేసిందీ ఇదేగా" అన్నారు. పావలాకి బేడ కలిపితే ఎంత? పావలా అంటే నాలుగణాలు, బేడ రెండణాలు, మొత్తం ఆరణాలు. రూపాయికి పదహారణాలు కాబట్టి 6/16, అంటే 3/8. అవి భిన్నాలని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. రెండింటినీ అణాల్లోకి మార్చాకే కలపాలని మాత్రం చిన్నప్పుడే తెలుసు. 1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయికి వంద పైసలయ్యాయి కదా, ఆ లెక్కన పావలా 25, బేడ పన్నెండున్నర, కలిపితే 37.5 పైసలు. 3/8 అంటే 0.375 అని పాపకి నేను విడిగా చెప్పాల్సిన పని లేకపోయింది.

కూడికల కంటే తీసివేతల్లోనే ఈ సెట్టు ఎక్కువ అక్కరకొచ్చింది. మూడుంపావులోంచి ఒకటీ ముప్పావు తీయాలి. మొదట్లో పాప పెద్దదాంట్లోంచి చిన్నది తీసేసి రెండున్నర అనేది. అప్పు తెచ్చుకోమంటే, మామూలు తీసివేతలాగా పది తెచ్చుకుని పావు స్థానంలో 11/4 రాసింది! ఇది చాలామంది పిల్లలు చేసే పొరపాటే. ఒక పూర్తి పట్టీ ఇచ్చి, "దీన్ని పావులుగా మార్చుకో, ఎన్నొస్తాయి?" అన్నాను. నాలుగు. ఉన్న ఒకటితో అయిదు. అందులోంచి మూడు తీస్తే రెండు పావులు, జవాబు ఒకటిన్నర. ఒకటి విడదీస్తే హారం ఎంతో అన్ని ముక్కలొస్తాయని చేత్తో మార్చుకుంటేనే తలకెక్కింది.

ఇక్కడ కూరగాయల బండి దగ్గర పావుకిలోని కన్నడలో "కాలు కేజీ" అంటారు. ముప్పావు అయితే ముక్కాలు. ఆ మాట వినగానే పాప నవ్వేది, కానీ ఇంట్లో సగం ప్రాక్టీస్ ఆ బండి దగ్గరే జరిగింది.

దశాంశాల దగ్గరికొచ్చేసరికి సెట్టు చాలదు. పదోవంతుల వరకే సాయం చేస్తుంది. 0.5 + 0.25 కి 0.30 రాసినప్పుడు సగం కింద అయిదు పదోవంతులు సరిపోయాయి. పావు కింద పేరిస్తే రెండు పట్టాయి, మూడోది సగం బయటికొచ్చింది. ఆ మిగిలినదాన్ని కొలవాలంటే నూరోవంతులు కావాలి, అవి ఇందులో లేవు. అక్కడ నేను గ్రాఫ్ కాగితం మీద పదీ పది గళ్ళు గీసిచ్చాను. 4 − 1.35 కి 3.35 అన్న రోజు కుట్టుమిషన్ మీదున్న టేపు తీశాను. మీటరులో సెంటీమీటరు నూరోవంతే కదా. నాలుగు మీటర్ల గుడ్డలో ఒక మీటరు 35 కోస్తే ఎంత మిగులుతుందో కొలుచుకుంది. ఆ తర్వాత 4 ని 4.00 అని రాసుకోవడం, గళ్ళ నోటుబుక్కులో చుక్క కింద చుక్క పెట్టడం తనంతట తనే మొదలుపెట్టింది.

లోపాలూ చెప్పాలి. 1/4 + 1/5 ఈ ముక్కలతో కుదరదు, ఇరవయ్యో వంతు లేదు. 1/3 + 1/5 కి పదిహేనో వంతు లేదు. ఏడాది దాటేసరికి అంకెలు చెరిగిపోయాయి. అన్నిటికంటే టెన్షన్ పెట్టింది రంగులు. కొన్నాళ్ళకు పాప "ఎనిమిదో వంతు" అనడం మానేసి "ఎర్రది" అనసాగింది, పరీక్షలో కాగితం మీద రంగుల్లేక తడబడింది. అప్పటి నుంచి ముందు నోటుబుక్కులో లెక్క చేసి, ఆ తర్వాతే ముక్కలతో సరిచూసుకోమన్నాను. ఆ పద్ధతి మొదటి నెల నుంచే పెట్టాల్సింది. మూడు, నాలుగు తరగతుల పిల్లలుంటే తప్పకుండా కొనండి. అయిదో తరగతి సగానికొచ్చాక మాత్రం ముక్కలు ముట్టుకోకుండా చేయించండి.

మొన్న సెట్టును పక్కింటి బాబుకి ఇచ్చేశాం. మూడు పన్నెండోవంతులు పోయాయి. పూర్తి పట్టీ పొడవు 30 సెంటీమీటర్లు. పాప దాన్ని పన్నెండుతో భాగించి, ఒక్కోటి 2.5 సెంటీమీటర్లు వచ్చేలా అట్ట కోసి, ఆ మూడూ డబ్బాలో పెట్టిచ్చింది.