తొంభై దగ్గర ఆగిపోయిన నా ఫ్రెంచ్

హైదరాబాద్‌లో 14 నెలలు ఫ్రెంచ్ నేర్చుకుని, ఆ తర్వాత ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో రెండేళ్లు ఉన్నాక రాస్తున్నాను. విమానం ఎక్కకముందు రాసుంటే నేను నేర్చుకున్న క్లాసుకి ఐదుకి ఐదు స్టార్లు ఇచ్చేదాన్ని. ఒక రకంగా ఇచ్చాను కూడా. మా కాలేజీ జూనియర్లు అడిగితే "కళ్లు మూసుకుని చేరిపోండి" అని చెప్పాను. ఆ మాట ఇప్పుడు కొంచెం సవరించుకోవాలి. నేను చేరిన క్లాసు పేరు, రోజూ వాడిన యాప్ పేరు రాయడం లేదు. వాళ్లతో నాకు పెద్ద పేచీ లేదు. నా పేచీ అంతా 70 నుంచి 99 దాకా ఉన్న ముప్పై సంఖ్యలతో.

ఏ1, ఏ2 అనే భాషా స్థాయిలంటే ఏమిటో, ఏ వస్తువు ఆడదో ఏది మగదో అనే గొడవ, ఇవన్నీ చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. వాటిలో మా మేడమ్‌కి వంక పెట్టలేను. నా గొడవ అర్థం కావాలంటే మాత్రం ఫ్రెంచ్ లెక్క ఒకటి తెలియాలి. అరవై దాకా వాళ్లు మనలాగే బుద్ధిగా లెక్కపెడతారు. ఆ తర్వాత ఏదో పూనుతుంది. డెబ్బైకి విడిగా మాట లేదు, 'అరవై పది' అంటారు. డెబ్బై ఐదు 'అరవై పదిహేను'. ఎనభై అంటే 'నాలుగిరవైలు'. తొంభై ఏడు కావాలంటే 'నాలుగిరవైల పది ఏడు' అనాలి, కత్ర వాఁ దీ సెత్. ఒకప్పుడు ఇరవైల లెక్క ఇంకా ఎక్కువగానే ఉండేదట. పారిస్‌లో 13వ శతాబ్దంలో తొమ్మిదో లూయీ మూడు వందల మంది అంధుల కోసం కట్టించిన ఆసుపత్రిని ఇప్పటికీ 'పదిహేనిరవైలు' అనే పిలుస్తారు.

మా క్లాసులో సంఖ్యలు నేర్పడానికి మేడమ్ హౌసీ (తంబోలా) ఆడించేవారు. ప్రతి శుక్రవారం చివరి అరగంట అదే. ముందు లైన్ కొట్టినవాళ్లకి చాక్లెట్. అప్పట్లో నేను అందరికీ గొప్పగా చెప్పుకున్నది ఈ హౌసీ గురించే. నిజంగానే బాగుండేది. పక్కన కూర్చున్న బీటెక్ కుర్రాడు 'కాంజ్' అనగానే 15 మీద గీత పెట్టేసేవాడు. నేను ఫుల్ హౌస్ రెండుసార్లు కొట్టాను. కానీ హౌసీ టికెట్‌లో సంఖ్యలు 90 దగ్గర ఆగిపోతాయి. ఈ సంగతి నాకు గ్రెనోబుల్ వెళ్లాక ఒక రాత్రి తట్టింది. 91 నుంచి 99 దాకా తొమ్మిది సంఖ్యలు 14 నెలల్లో నా చెవిన పడింది చాలా తక్కువ. పైగా హౌసీలో మేడమ్ ఒక్కో సంఖ్య చెప్పి, అందరి మొహాలూ చూసి, మళ్లీ చెప్పి, అప్పుడు తర్వాతి దానికి వెళ్లేవారు. బయట ఎవరికీ అంత ఓపిక లేదు.

డెల్ఫ్ అనే ఫ్రెంచ్ పరీక్ష ఏ2 స్థాయిలో, వినే భాగంలో నాకు 25కి 21 వచ్చాయి. ప్రాక్టీసు పేపర్లలో ఆన్సరింగ్ మెషీన్ మెసేజ్ విని ఫోన్ నంబర్ రాసే ప్రశ్న ఉంటే అందులో ఎప్పుడూ ఫుల్ మార్కులే. ఆ పరీక్షలో రికార్డింగ్ రెండుసార్లు వినిపిస్తారు, మధ్యలో ఊపిరి తీసుకోనిస్తారు, చేతిలో పెన్ను ఉంటుంది. ఈ మూడింటి విలువా నాకు అప్పుడు తెలియదు.

వెళ్లిన మూడో వారం, అక్టోబర్‌లో ఒక ఆదివారం రాత్రి. చెత్త సంచి కింద పడేసి వద్దామని గది బయటకు వచ్చాను. వెనక తలుపు ధన్‌మని పడింది. అక్కడ చాలా తలుపులు అంతే, మూసుకున్నాయంటే బయటి నుంచి తాళంచెవి లేకుండా తెరుచుకోవు. తాళంచెవి లోపల, స్వెటర్ లోపల, పర్సు లోపల. నా దగ్గర ఉన్నవి చెత్త సంచి, 11 శాతం చార్జింగ్ ఉన్న ఫోన్.

మా రెసిడెన్స్ ఆఫీసు నంబర్ సేవ్ చేసుకుని ఉన్నాను కాబట్టి ఫోన్ చేశాను. రికార్డు చేసిన ఆడగొంతు వచ్చింది. ఆఫీసు మూసేశారు, అర్జెంటైతే కేర్‌టేకర్ మొబైల్‌కి ఫోన్ చేయండి అంటోంది. అంతవరకు మొత్తం అర్థమైంది. మేడమ్‌కి మనసులోనే దండం పెట్టుకున్నాను. తర్వాత నంబర్ మొదలైంది. అక్కడ ఫోన్ నంబర్‌ని మనలా ఒక్కో అంకెగా చెప్పరు, పది అంకెల్ని ఐదు జతలు చేసి చెప్తారు. సున్నా ఆరు, బాగానే ఉంది. 'స్వసాంత్' అంది. అరవై. నా వేలు 6 నొక్కింది, 0 నొక్కింది. వెంటనే 'కాంజ్' అంది. ఓహో, అరవై కాదు, అరవై పదిహేను, అంటే 75. చెరిపి 75 కొట్టేలోపు రెండు జతలు వెళ్లిపోయాయి.

మళ్లీ చేశాను. ఈసారి 75 దొరికింది. తర్వాతి జతకి 4 కొట్టాను, 20 కొట్టాను, 12 కొట్టాను. మూడోసారి చూస్తే స్క్రీన్ మీద పన్నెండు అంకెలున్నాయి. నాలుగోసారి ఎలాగో పది వచ్చాయి, ఫోన్ చేస్తే ఎవరో పెద్దాయన ఎత్తాడు. వెనక టీవీలో ఫుట్‌బాల్ కామెంటరీ. రాంగ్ నంబర్ అని మర్యాదగానే చెప్పాడు. చార్జింగ్ 7 శాతం. ఏడుపొక్కటే తక్కువ.

కారిడార్ చివర పెద్ద కిటికీ ఉంది. బయట చలికి అద్దం మీద ఆవిరి పట్టింది. ఐదోసారి ఫోన్ స్పీకర్‌లో పెట్టి గట్టు మీద ఉంచాను. అంకెల గురించి ఆలోచించడం పూర్తిగా మానేసి, చెవికి వినబడింది వినబడినట్టు వేలితో అద్దం మీద తెలుగులో రాసేశాను. స్వసాంత్ కాంజ్. కత్ర వాఁ దూజ్. ఇంకో రెండు లైన్లు. ఫోన్ పెట్టేసి, అప్పుడు నింపాదిగా లెక్క కట్టాను. అరవై ప్లస్ పదిహేను. నాలుగిరవైలు ఎనభై, ప్లస్ పన్నెండు, తొంభై రెండు. నాలుగో తరగతిలో బోర్డు ముందు నిలబెట్టినట్టు ఉంది.

కేర్‌టేకర్ ముప్పావుగంటకి వచ్చాడు. ఇంటి చెప్పులతోనే వచ్చాడు. చేతిలో పాత ఎక్స్‌రే ఫిల్మ్. దాన్ని తలుపు సందులోకి దూర్చి, నాలుగుసార్లు ఆడించి, భుజంతో ఒక్క తోపు తోసేసరికి తెరుచుకుంది. పోతూ పోతూ కిటికీ మీద నీళ్లు కారుతున్న అక్షరాలు చూసి, ఇదేంటి అని అడిగాడు. "మీ నంబరే" అన్నాను. నమ్మలేదు. చదివి వినిపించాను. పగలబడి నవ్వాడు.

అప్పటి నుంచి నాకు తెలుగు లిపే దిక్కు. ఇది మాత్రం నేను అనుకోని లాభం. ఫ్రెంచ్ మాటల్ని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకుంటే మనసు ఇంగ్లిష్ ఉచ్చారణ వైపు లాగేస్తుంది. తెలుగులో రాస్తే విన్నది విన్నట్టు చాలావరకు నిలుస్తుంది. చాలావరకే. వాళ్ల ముక్కు శబ్దాలకి అరసున్న సగం పనే చేస్తుంది. రెండుకి వాళ్లు చెప్పే మాటలోని అచ్చు మన దగ్గర లేదు. రెండు గంటలకీ పన్నెండు గంటలకీ తేడా తెలియక నేను ఒకసారి మధ్యాహ్నం భోజనానికి పిలిస్తే రెండింటికి వెళ్లాను. ఆ కథ ఇప్పుడు వద్దు.

ఇంకో రెండు సంగతులు ఏ క్లాసులోనూ చెప్పలేదు. ఒకటి, మనిషి ఎదురుగా ఉంటే 'షిఫ్ర్ పార్ షిఫ్ర్, సిల్ వు ప్లే' అనొచ్చు. ఒక్కో అంకెగా చెప్పండి అని. విసుక్కోకుండా చెప్తారు. రెండోది, మా ల్యాబ్‌లో ఒక ఫ్రెంచ్ అమ్మాయిని చూసి నేర్చుకున్నాను. ఫోన్‌లో నంబర్ రాసుకునేటప్పుడు జత పూర్తయ్యేదాకా ఆమె పెన్ను గాల్లోనే ఉండేది. గ్రెనోబుల్‌లో ఇది ఇంకా అవసరం. అక్కడి ల్యాండ్‌లైన్లు చాలావరకు 04 76తో మొదలవుతాయి. 'స్వసాంత్ సెజ్', అరవై పదహారు. అంటే ఆఫీసులు, డాక్టర్లు, ఎవరి నంబర్ అయినా రెండో జతలోనే నన్ను బోల్తా కొట్టించేది.

ఈ కథంతా ఇంటికి ఫోన్ చేసి చెప్తే అమ్మ కంగారుపడింది. నాయనమ్మ మాత్రం ఫోన్ లాక్కుని, "నాలుగిరవైల మీద పన్నెండంటే తొంభై రెండేగదే, దానికింత రాద్ధాంతమా?" అంది. ఆవిడది అమలాపురం దగ్గర ఊరు. దొడ్లో కొబ్బరికాయలు ఇరవై చొప్పున కుప్పలు పోయించి, కుప్పలే లెక్కపెట్టేది. మూడిరవైల మీద ఎనిమిది, నాలుగిరవైల మీద మూడు. చిన్నప్పుడు సెలవుల్లో ఆ కుప్పల మీదే ఎక్కి ఆడుకున్నాను. డబ్బు కట్టి నేర్చుకున్నప్పుడు మాత్రం ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

యాప్ గురించి కూడా ఒక మాట. 400 రోజుల స్ట్రీక్ ఉంది నాకు. రోజూ కూర్చునే అలవాటు దాని పుణ్యమే, కాదనను. కానీ సంఖ్యల పాఠంలో అది నాలుగు జవాబులిచ్చి ఒకటి ఎంచుకోమంటుంది. బతుకులో ఆప్షన్లు ఇవ్వరు కదా. చివరికి నా చెవిని దారిలో పెట్టింది ఆర్‌ఎఫ్‌ఐ అనే ఫ్రాన్స్ అంతర్జాతీయ రేడియో వాళ్లు తేలిక ఫ్రెంచ్‌లో చదివే పది నిమిషాల వార్తలు. వార్తల్లో సంవత్సరాలు, ధరలు, లెక్కలు ఆగకుండా వస్తుంటాయి. కింద రాతప్రతి కూడా ఉంటుంది కాబట్టి తప్పు రాసుకుంటే అక్కడే తేలిపోతుంది. ఉచితం కూడా. హైదరాబాద్‌లో ఉన్నప్పుడే రోజూ వినుంటే ఆ రాత్రి ఐదుసార్లు ఫోన్ చేసేదాన్ని కాదేమో.

తొంభైల మీద నాకున్న కోపానికి ఇంకో కారణం ఉంది. అక్కడి సోషల్ సెక్యూరిటీ నంబర్ ఆడవాళ్లకి 2తో మొదలవుతుంది, తర్వాత పుట్టిన సంవత్సరం, నెల. విదేశాల్లో పుట్టినవాళ్లకి ఆ తర్వాత 99, ఇండియా అయితే దాని వెనకే 223. నేను 1998లో పుట్టాను. ఒక్క నంబర్‌లో రెండు తొంభైలు! మొదట్లో ఫార్మసీలో చెప్పమంటే కాగితం తీసి చూపించేదాన్ని. ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా అప్పగిస్తాను.

మరి ఆ క్లాసులో చేరమంటానా? నాది ఇంగ్లిష్‌లో చెప్పే మాస్టర్స్. చదువుకి ఫ్రెంచ్ అక్కర్లేదు, బతకడానికే కావాలి. ఆ లెక్కన మూడున్నర స్టార్లు ఇస్తాను. కోర్సే ఫ్రెంచ్‌లో ఉండి, బీ2 అనే పై స్థాయి కావాల్సినవాళ్లకి నా అనుభవం ఎంతవరకు పనికొస్తుందో చెప్పలేను. నలుగురు తెలుగువాళ్లతో కలిసి ఫ్లాట్ తీసుకునేవాళ్లకైతే నా ఇబ్బందుల్లో సగం ఉండవు, తలుపు తీయడానికి లోపల ఎవరో ఒకరుంటారు.

మా పిన్ని కూతురు వచ్చే సెప్టెంబర్‌లో స్విట్జర్లాండ్ వెళ్తోంది, లోజాన్‌కి. దానికి నా పద్ధతంతా నేర్పుదామని కూర్చోబెడితే, అక్కడ ఈ బాధ లేదక్కా అంది. డెబ్బైకి సెప్తాంత్, ఎనభైకి ఉయితాంత్, తొంభైకి నొనాంత్. విడివిడిగా మూడు మాటలు, మన తెలుగులో ఉన్నట్టే. ఆ రోజంతా దానితో సరిగ్గా మాట్లాడలేదు నేను.