అడవి చెట్టు వంశం తెలియాలంటే ఏది మేలు: హరితరేణువు డీఎన్ఏనా, కేంద్రక డీఎన్ఏనా?

ఒక అడవిలోని చెట్ల పూర్వీకులు ఎక్కడి నుంచి వచ్చారన్నది ప్రశ్నయితే నా ఓటు హరితరేణువు (ఆకుల్లో ఆహారం తయారుచేసే పచ్చటి కణభాగం) డీఎన్ఏకే. ఆ అడవిని ఎలా కాపాడుకోవాలన్నది ప్రశ్నయితే మాత్రం దాన్ని ఒక్కదాన్నే నమ్మకూడదు. ఐరోపా ఓక్ చెట్లను చూస్తే కారణం తెలుస్తుంది.

ఓక్‌లో హరితరేణువు తల్లి చెట్టు నుంచే సంక్రమిస్తుంది, పుప్పొడితో రాదు. కాబట్టి గింజ కదిలినంత దూరమే అదీ కదులుతుంది. గింజ చెట్టు కిందే రాలుతుంది, లేదంటే జే పక్షి ఎత్తుకెళ్లి మరోచోట మట్టిలో దాస్తుంది. పైగా కేంద్రక డీఎన్ఏలా ఇది తరతరానికీ తల్లిదండ్రుల మధ్య కలగలిసిపోదు. మంచుయుగంలో ఐబీరియా, ఇటలీ, బాల్కన్ ద్వీపకల్పాల్లో తలదాచుకున్న ఓక్‌లు మంచు కరిగాక ఉత్తరానికి ఎలా విస్తరించాయో అందుకే నేటికీ గుర్తుపట్టగలుగుతున్నాం. 2002లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం 2600కు పైగా చోట్ల చెట్లను పరీక్షించి ఆ దారులను పటం మీదికి తెచ్చింది. బ్రిటన్‌లోని ఓక్‌లలో అధికభాగం ఐబీరియా వంశానివే. ఈ డీఎన్ఏ వైవిధ్యంలో సుమారు ఐదింట నాలుగు వంతులు అడవికీ అడవికీ మధ్యే ఉంటుంది. ఒక అడవిలో తరచుగా ఒకే హాప్లోటైపు, అంటే ఈ డీఎన్ఏలో ఒకే రకం, కనిపిస్తుంది. కణానికి ఎన్నో ప్రతులు ఉంటాయి గనుక ఎండిన కలపలోంచి కూడా దీన్ని రాబట్టవచ్చు. వైన్ పీపాల చెక్క పశ్చిమ ఐరోపాదా, తూర్పుదా అని తేల్చడానికి ఈ పద్ధతిని వాడి చూశారు.

కేంద్రక డీఎన్ఏలో ఈ లెక్క తలకిందులవుతుంది. గాలివాటున పుప్పొడి దూరదూరాలకు చేరుతుంది కాబట్టి అడవుల మధ్య తేడా కొద్ది శాతమే, వైవిధ్యంలో దాదాపు అంతా ప్రతి అడవి లోపలే ఉంటుంది. ఏ మొలకకు తండ్రి ఏ చెట్టు, దగ్గరి బంధువుల మధ్యే ఫలదీకరణ జరుగుతోందా, నరికివేత తర్వాత ఎంత వైవిధ్యం మిగిలింది వంటి ప్రశ్నలకు మైక్రోశాటిలైట్ల (చిన్న డీఎన్ఏ ముక్క మళ్లీమళ్లీ వచ్చే చోట్ల) వంటి కేంద్రక గుర్తులే జవాబివ్వాలి. ఒకే హాప్లోటైపు ఉందని ఒక అడవిని వైవిధ్యం లేనిదిగా తీసిపారేయడం పెద్ద అన్యాయం. అందులో కేంద్రక వైవిధ్యం పుష్కలంగా ఉండవచ్చు.

జాతిని గుర్తించడానికి కూడా ఓక్‌లో హరితరేణువు పనికిరాదు. పక్కపక్కన పెరిగే రెండు ఓక్ జాతులు సంకరం వల్ల తరచుగా ఒకే హాప్లోటైపును పంచుకుంటాయి.

పైన్ చెట్ల మీద పనిచేసేవారు ఇంకో సంగతి చూసుకోవాలి. వాటిలో హరితరేణువు తండ్రి వైపు నుంచి, పుప్పొడితో వస్తుంది. అక్కడ గింజ దారి పట్టుకోవాలంటే మైటోకాండ్రియా డీఎన్ఏను ఆశ్రయించాలి.